నీళ్ళు చేరిన వాచీ

కుటుంబ వేదిక



ఈ శీర్షికలో మనం సాధారణంగా భార్యాభర్తల సంగతులు, పిల్లల చదువులు, అత్తాకోడళ్ళ మాటపట్టింపులు రాసుకుంటూ ఉంటాం. ఈసారి ఒక చేతి వాచీ గురించి రాస్తున్నాను. వాచీ మరమ్మతుకూ కుటుంబ జీవితానికీ ఏమి సంబంధం అని మీరు అడగవచ్చు. చివరిదాకా చదివి మీరే చెప్పండి. ఈ కుటుంబం నాకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు. వారి అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు.

లంగరు గుర్తు వాచీ

భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డున, అడవి అంచున దుమ్ముగూడెం ఉంది. ఆనకట్ట పనిమీద వచ్చిన ఇంజనీరు కెప్టెన్ హేగ్ చొరవతో 1860 ప్రాంతంలో కోయవారి మధ్య సువార్త పని మొదలైన చోటు అది. ఆ చుట్టుపక్కల ఒక చిన్న ఊళ్ళో రిటైరయిన మాస్టారు ఒకరున్నారు. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడు కువైట్‌లో పనిచేసేవాడు. చిన్నవాడు ఊళ్ళోనే ఉండి వ్యవసాయం చూసుకుంటున్నాడు.

పెద్దవాడు 1994లో సెలవుకు వచ్చినప్పుడు తండ్రికి ఒక రాడో వాచీ తెచ్చాడు. ఆ రోజుల్లో గల్ఫ్ వెళ్ళినవారు తండ్రికో, మామగారికో రాడో తెచ్చి పెట్టడమంటే ఎంత గొప్పో మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. అది బ్యాటరీ వాచీ కాదు. చేయి ఊగుతుంటే లోపలి బిళ్ళ ఊగి, దానంతట అదే కీ తిరిగే ఆటోమేటిక్ వాచీ. స్విట్జర్లాండుకు చెందిన ఆ కంపెనీవారు 1962లో డయాస్టార్ అనే వాచీని తెచ్చారు. దాని పైకేసు టంగ్‌స్టన్ కార్బైడ్ అనే గట్టి లోహంతో చేసింది. అద్దం సఫైర్‌ది. గీత పడని వాచీ అని దానికి పేరు. మాస్టారి వాచీ ఆ రకానిదే. పన్నెండు అంకె కింద చిన్న లంగరు గుర్తు ఉంటుంది. చేతిని అటూ ఇటూ తిప్పితే ఆ లంగరు కూడా తిరుగుతుంది. అలా తిరగడం మానేస్తే లోపల నూనె ఎండిపోయిందని, సర్వీసుకు ఇవ్వాలని గుర్తు.

మాస్టారి భార్యకు ఆ లంగరంటే ఎంతో ఇష్టం. "హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయంలో చెప్పిన లంగరు ఇదేనండీ" అని వచ్చినవారికల్లా చూపించేవారు.

కొన్నేళ్ళకు పెద్దవాడు గుండెజబ్బుతో అక్కడే ప్రభువునందు నిద్రించాడు. అప్పటినుంచి మాస్టారు ఆ వాచీని రోజూ పెట్టుకోవడం మానేశారు. డబ్బాలో పెట్టి, బీరువాలో దాచి, క్రిస్మసుకు, ఈస్టరుకు మాత్రం తీసేవారు. సర్వీసుకు ఇవ్వడానికి కూడా మనసొప్పలేదు. ఎవరి చేతుల్లోనైనా పోతుందేమోనని భయం.

2022 జూలై

2022 జూలైలో మాస్టారు, ఆయన భార్య ఖమ్మంలో కూతురి ఇంట్లో ఉన్నారు. జూలై 10 ఆదివారం. చిన్నవాడు గుడికి వెళుతూ బీరువా తీసి ఆ వాచీ పెట్టుకున్నాడు. అడగలేదు. దొంగిలించాలనీ కాదు. "అన్నది ఒక్కసారి పెట్టుకుందామనిపించింది అయ్యగారూ" అని తర్వాత నాతో అన్నాడు.

ఆ వారమే గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అన్నీ దాటిపోయి జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత నీరు మళ్ళీ అప్పుడే చూశాం. ఊళ్ళోకి నీళ్ళొచ్చిన రాత్రి చిన్నవాడు నడుము లోతు నీళ్ళలో నిలబడి ముసలివాళ్ళను, పిల్లలను, వడ్ల బస్తాలను ట్రాక్టరు మీద మెరక మీది బడికి చేర్చాడు. మేకలను భుజాన వేసుకుని తెచ్చాడు. చేతికి వాచీ ఉందన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది?

నీళ్ళు తీసిన తర్వాత చూసుకుంటే అద్దం లోపల ఆవిరి పట్టి ఉంది. ముల్లు ఆగిపోయింది. ఎవరో చెబితే బియ్యం డబ్బాలో రెండు రోజులు పెట్టాడు. తర్వాత ఎండలో పెట్టాడు. ఆవిరి పోయింది. రెండు మూడుసార్లు ఊపితే కాసేపు నడిచి మళ్ళీ ఆగింది. నీళ్ళు ఆరిపోయాయి గదా, ఇక ఫరవాలేదు అనుకున్నాడు. శుభ్రంగా తుడిచాడు. పైన ఒక్క గీత కూడా లేదు. మళ్ళీ డబ్బాలో పెట్టి బీరువా మూసేశాడు.

మాస్టారు తిరిగి వచ్చారు. కొడుకు వరదలో చేసిన సాయం గురించి ఊరంతా చెప్పారు. ఆయన ఎంతో సంతోషించారు. ఆ పొగడ్తల మధ్య వాచీ సంగతి చెప్పడానికి చిన్నవాడికి నోరు రాలేదు. ఈ రోజు, రేపు అంటూ వారాలు గడిచాయి. వారాలు నెలలయ్యాయి. తండ్రి పక్కన కూర్చోవడం తగ్గించాడు. అన్నం వేళకు పొలంలో పని ఉందనేవాడు. గుడికి వచ్చినా వెనుక వరసలో కూర్చుని, ప్రభువు బల్లకు మాత్రం వచ్చేవాడు కాదు.

ఆ సంవత్సరం క్రిస్మసు ఆరాధనకు సంఘంవారు నన్ను పిలిచారు. డిసెంబరు 24 సాయంత్రం మాస్టారు బీరువా తెరిచి డబ్బా తీశారు. తెల్లని డయలు మీద గోధుమరంగు మచ్చలు. ముళ్ళ మొదట్లో తుప్పు. లంగరు ఒక పక్కకు ఒరిగి అలాగే బిగుసుకుపోయి ఉంది. ఆయన ఒక్క మాటా అనలేదు. ఖాళీ చేతితోనే గుడికి వచ్చారు. మరుసటి రోజు బల్ల దగ్గర తండ్రి ఉన్నాడు, కొడుకు లేడు. ఆరాధన అయ్యాక చిన్నవాడు వరండాలో నా దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాడు. నలభై ఏళ్ళు దాటిన మనిషి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

నేను అతని వెంట ఇంటికి వెళ్ళాను. మాస్టారు అన్న మాటలు నాకిప్పటికీ గుర్తున్నాయి.

"వాచీ తడిపావని కాదురా చిన్నోడా నా బాధ. ఆ నీళ్ళలో నువ్వు చేసిన పని, మీ అన్న ఉన్నా చేసేవాడు. కానీ ఐదు నెలలు ఈ ఇంట్లోనే తిరిగావు. ఒక్క మాట చెప్పలేదు. నేనంటే నీకు అంత భయమా?"

చిన్నవాడు జవాబు చెప్పలేదు. నేనూ ఏమీ చెప్పలేకపోయాను. ప్రార్థన చేసి వచ్చేశాను.

ఖమ్మంలో వాచీల దుకాణం

జనవరిలో మేం ముగ్గురం ఖమ్మంలో కలుసుకున్నాం. వాచీలు బాగుచేసే దుకాణాలు ఈ రోజుల్లో తగ్గిపోయాయి. ఒకప్పుడు హెచ్.ఎం.టి. వాచీ లేని ఇల్లుండేది కాదు. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో బెంగుళూరులో మొదలైన ఆ వాచీల తయారీ 2016తో ముగిసింది. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా 1980లలో సీకో సహకారంతో వాచీలు చేసింది. అదీ లేదు. కీ వాచీల లోపలి పని తెలిసినవారు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు. మాకు తెలిసిన ఒక సాయిబుగారు ఆ పనిలో మూడో తరం మనిషి. ఆయన దగ్గరికి వెళ్ళాం.

ఆయన కంటికి అద్దం పెట్టుకుని వాచీని నాలుగు వైపులా తిప్పి చూశారు. వెనుక మూత తీశారు. లోపలి రబ్బరు రింగు వేలితో ముట్టుకోగానే పెంకులా విరిగిపోయింది.

"కంపెనీ తప్పేమీ లేదు మాస్టారూ. ఈ రింగు నాలుగైదేళ్ళకోసారి మార్చాలి. ఇది వాచీతోపాటు వచ్చిందే, ఇంతవరకు ఎవరూ మార్చలేదు. పైకేసు వజ్రంలా ఉంది, నిజమే. కానీ నీళ్ళను ఆపేది కేసు కాదు, ఈ రబ్బరు."

ఈ మాట నన్ను ఆలోచింపజేసింది. గట్టిదనానికి పేరుపడిన వాచీని కాపాడేది లోపల ఎవరికీ కనిపించని ఒక మెత్తని రబ్బరు ముక్క. అది ఎండిపోతే పైన ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు.

వాచీలోకి నీరు ఎక్కువగా చేరేది కీ ఇచ్చే బుడిపె దగ్గర నుంచి అని కూడా ఆయన చెప్పారు. అందుకే రోలెక్స్ కంపెనీవారు 1926లో ఆయిస్టర్ వాచీని తెచ్చినప్పుడు బుడిపెకు మర పెట్టి, సీసా మూతలా బిగించే ఏర్పాటు చేశారు. మరుసటి సంవత్సరం 1927 అక్టోబరులో మెర్సిడీస్ గ్లైట్జ్ అనే యువతి ఇంగ్లీషు చానెల్ ఈదుతూ ఆ వాచీని వెంట ఉంచుకుంది. చలికి ఓర్వలేక ఆ రోజు ఆమె ఒడ్డు చేరకముందే పడవ ఎక్కవలసి వచ్చింది గాని వాచీ మాత్రం నడుస్తూనే ఉంది. ఆ సంగతిని కంపెనీ పత్రికల్లో పెద్దగా ప్రకటించుకుంది. అయితే ఎంత మంచి వాచీ అయినా బుడిపె సరిగా మూయకపోయినా, రబ్బరు ఎండిపోయినా కుండలో నీళ్ళు చేరినట్టే చేరతాయి.

సాయిబుగారు పని మొదలుపెట్టారు. మొదట ఊగే బిళ్ళ తీశారు. తర్వాత వెంటనే చక్రాలు విప్పుతారేమో అనుకున్నాను. విప్పలేదు. లోపలి పెద్ద స్ప్రింగులో ఇంకా కొంత కీ మిగిలి ఉంది. చిన్న మీటను పక్కకు జరిపి, బుడిపెను వేళ్ళతో పట్టుకుని, ఆ బలాన్ని మెల్లమెల్లగా వదిలించారు.

"ఇది వదలకుండా విప్పితే ఏమవుతుంది?" అని మాస్టారు అడిగారు.

"స్ప్రింగులో బిగువుంది గదండీ. ఒక్కసారి వదిలితే చక్రాలు గిర్రున తిరిగి పళ్ళు విరిగిపోతాయి. ముందు బిగువు దింపాలి. ఆ తర్వాతే చేయి పెట్టాలి."

మాస్టారు ఏమీ అనలేదు. కొడుకు వైపు ఒకసారి చూసి తల దించుకున్నారు.

ముళ్ళు, డయలు తీశారు. బుడిపె లోపలి రాడ్డు ఎర్రగా తుప్పుపట్టి మధ్యలో సన్నబడింది. నీరు వచ్చిన దారి అదే. గోదావరి ఒండ్రు పొడిలా చక్రాల సందుల్లో పేరుకుని ఉంది. ఆ పొడి నూనెలో కలిస్తే ఆకురాయిలా పనిచేసి ఇరుసులను అరగదీస్తుందట. అందుకే తడిసిన వాచీని ఊపకూడదు, నడిపించకూడదు. ఆటోమేటిక్ వాచీ అయితే చేతికి ఉంచుకుని నడిచినా నష్టమే, ప్రతి అడుగుకూ లోపల చక్రం తిరుగుతూనే ఉంటుంది.

బ్యాలెన్సు చక్రాన్ని ఆయన ఊపిరి బిగపట్టి చిమటాతో పైకెత్తారు. వాచీకి గుండెకాయ అదే. ఒక్కో వాచీలో అది గంటకు 18,000 నుంచి 28,800 సార్లు కొట్టుకుంటుంది. దానికి చుట్టిన హెయిర్‌స్ప్రింగు తలవెంట్రుక కంటే సన్నం. ఆయన దీపం కింద పెట్టి చాలాసేపు చూశారు. మేం ముగ్గురం కూడా ఊపిరి బిగపట్టాం.

"దీనికి తుప్పు అంటలేదు. దేవుడి దయ" అన్నారు.

డయలుకు ఒక మర బిగుసుకుపోయి తల విరిగింది. దాని మొండెం ఇత్తడి పలకలోనే ఉండిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాం. ఆయన నవ్వి, "ఇంట్లో పటిక లేదూ, అదే దీనికి మందు" అన్నారు. పటిక కలిపిన వేడినీళ్ళలో ఆ పలకను ఉంచితే ఉక్కు మర కొద్దికొద్దిగా కరిగిపోతుంది, ఇత్తడికి ఏమీ కాదు. అయితే దానిమీద ఉక్కు భాగం ఒక్కటి కూడా లేకుండా ముందే తీసేయాలి, తొందరపడకూడదు. గడ్డం గీసుకున్నాక రాసుకునే పటికకు ఇంత పని తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

చివరకు ఆయన కంటి అద్దం తీసి చెప్పిన మాట ఇది. "ఆ వారంలోనే తెచ్చి ఉంటే కడిగి, ఆరబెట్టి, కొత్త నూనె వేసి ఇచ్చేవాణ్ణి. నీళ్ళు పాడుచేసింది కొంచెమే. మూసిపెట్టిన ఐదు నెలలు పాడుచేసింది ఎక్కువ. పైకి ఆవిరి కనబడకపోతే ఆరిపోయిందనుకుంటారు. మూత మూసి ఉంటే లోపలి తేమ ఎక్కడికి పోతుంది? అక్కడే ఉండి తింటుంది."

చిన్నవాడు ఆ మాటకు బల్ల మీద రెండు చేతులూ పెట్టి తల వాల్చేశాడు. అప్పుడు మాస్టారు అతని వీపు మీద చేయి వేసి, సాయిబుగారు ఉన్నారని కూడా చూడకుండా అన్నారు. "తప్పు నాదీ ఉందిరా. చిన్నప్పటినుంచి అన్నను చూసి నేర్చుకో, అన్నను చూసి నేర్చుకో అంటూనే ఉన్నాను. వాడు పోయాక ఆ మాట ఇంకా ఎక్కువైంది. అలాంటి అన్న వాచీ పాడైందని నువ్వు నాకెలా చెప్పగలవు?"

ముందు బిగువు దించాలన్న పాఠం మాస్టారికి ఆ దుకాణంలోనే అర్థమైనట్టుంది.

వాచీ తిరిగి వచ్చింది

వాచీ చేతికి రావడానికి కొన్ని వారాలు పట్టింది. రాడ్డు, పెద్ద స్ప్రింగు, రెండు మీటలు, కొన్ని మరలు మార్చారు. మిగతా భాగాలను ఒక్కొక్కటిగా వైట్ పెట్రోలులో కడిగి, కెంపురాళ్ళ రంధ్రాలను సన్నని పుల్లతో తుడిచి, సూదిమొనంత నూనె వేశారు. రబ్బరు రింగులన్నీ కొత్తవి. మార్చిన పాత భాగాలను చిన్న పొట్లం కట్టి మాస్టారి చేతికిచ్చారు. నిజాయితీగా పనిచేసేవారి పద్ధతి అది.

డయలు మీది మచ్చలు పోలేదు. "కొత్త రంగు వేయించి ఇవ్వగలను, కొత్తదానిలా ఉంటుంది. కానీ కంపెనీ వేసిన డయలు కాదు" అన్నారు సాయిబుగారు. మాస్టారు వద్దన్నారు. మచ్చలు ఉండనివ్వమన్నారు. లంగరు కింది సన్నని ఇరుసు పూర్తిగా తుప్పుపట్టింది. అలాంటి ముక్క దొరకలేదు. తీసేస్తే చోటు ఖాళీగా కనబడుతుంది కనుక, నిటారుగా నిలబెట్టి అతికించారు. ఇక అది తిరగదు.

2023 ఏప్రిల్ 9, ఈస్టరు ఉదయం. మాస్టారు ఆ వాచీ పెట్టుకుని గుడికి వచ్చారు. లంగరు తిరగడం లేదని నేను అంటే ఆయన భార్య నవ్వి ఇలా అన్నారు. "లంగరు కదలకుండా ఉంటేనే గదండీ మంచిది అయ్యగారూ!"

ఆ రోజు ప్రభువు బల్ల దగ్గర తండ్రీ కొడుకులు పక్కపక్కనే మోకరించారు. ఆరాధన అయ్యాక మాస్టారు వాచీ విప్పి చిన్నవాడి చేతికి పెట్టారు. "బీరువాలో ఉంటే నూనె ఎండిపోతుందట. నువ్వే పెట్టుకో, రోజూ పెట్టుకో. పండుగలకు నాకివ్వు చాలు."

మీ ఇంట్లో వాచీ తడిస్తే

కొందరు పాఠకులకు పనికివస్తాయని సాయిబుగారు చెప్పిన జాగ్రత్తలు ఇక్కడ ఇస్తున్నాను.

1. వెంటనే చేతినుంచి తీయండి. ఆగిపోయిందని కీ ఇవ్వకండి, ఊపకండి, ముళ్ళు తిప్పకండి.

2. బియ్యంలో పెట్టడం వల్ల మూసి ఉన్న కేసులోని నీరు బయటికి రాదు. ఎండలో, పొయ్యి దగ్గర, జుట్టు ఆరబెట్టే యంత్రం దగ్గర పెడితే నీరు ఆవిరై లోపలే తిరిగి చల్లబడి అన్ని భాగాలకూ అంటుతుంది. వేడికి రబ్బరు, నూనె కూడా పాడవుతాయి.

3. వీలైతే అదే రోజు, లేకపోతే మరుసటి రోజు తెలిసిన మెకానిక్ దగ్గర మూత తీయించండి. అద్దం లోపల ఆవిరి పట్టిందంటే నీరు చేరినట్టే. ఆవిరి దానంతట అదే పోయినా సరే, చూపించండి.

4. సముద్రపు నీరయితే ఒక్క గంట కూడా ఆలస్యం వద్దు. ఉప్పు తుప్పును తొందరపెడుతుంది. వరదనీరయితే బురద పోయేలా పూర్తిగా విప్పి కడగమని చెప్పండి. పైపైన నూనె వేయించి తెచ్చుకుంటే మళ్ళీ ఆగిపోతుంది.

5. వాచీ మీద 30 మీటర్లు అని రాసి ఉంటే 30 మీటర్ల లోతుకు పెట్టుకుని దిగవచ్చని కాదు. చేతులు కడుక్కున్నప్పుడు, వాన చినుకులు పడ్డప్పుడు ఫరవాలేదని మాత్రమే. ఈతకు, వేడినీళ్ళ స్నానానికి తీసి పక్కన పెట్టండి.

6. ఖరీదైన వాచీని విప్పకముందే ఏ భాగాలు మారుస్తారో, ఎంత అవుతుందో రాయించుకోండి. పాత భాగాలు తిరిగి అడగండి. మీకు చెప్పకుండా డయలుకు రంగు వేయవద్దని ముందే చెప్పండి.

7. పెట్టుకోకుండా దాచిన వాచీకి కూడా నూనె ఎండుతుంది, రబ్బరు ఎండుతుంది. నాలుగైదేళ్ళకోసారి చూపించండి.

మన మాట

ప్రియులారా, భూమిమీద కూర్చుకున్న ధనాన్ని తుప్పు తింటుందని మన ప్రభువు కొండమీద చెప్పాడు (మత్తయి 6:19). ఎంత ఖరీదైన వాచీ అయినా ఒకనాటికి ఆగిపోయేదే. కాబట్టి వాచీ కోసం కొడుకును పోగొట్టుకునే తండ్రి బుద్ధిమంతుడు కాడు. మాస్టారికి ఆ సంగతి తెలుసు. అందుకే వాచీని కాదు, మాట దాచడాన్ని గురించి బాధపడ్డారు.

మన ఇళ్ళలోకి కూడా నీళ్ళు వస్తాయి. అప్పు చేసి ఇంట్లో చెప్పని భర్త ఉంటాడు. పుట్టింటివారికి డబ్బు పంపి దాచిన భార్య ఉంటుంది. పరీక్ష తప్పి మార్కుల కాగితం పుస్తకాల్లో దాచిన పిల్లవాడు ఉంటాడు. మొదటి రోజున అది చిన్న తడి. తుడిస్తే పోతుంది. మనం బియ్యంలో పెడతాం, ఎండలో పెడతాం, పైకి ఆవిరి పోయిందని సంతోషిస్తాం. మూత మాత్రం తీయం. దావీదు మౌనంగా ఉన్నన్నాళ్ళు ఏమైపోయాడో, ఒప్పుకున్న రోజున ఎలా తేరుకున్నాడో 32వ కీర్తనలో ఉంది. ఈ నెల కుటుంబ ప్రార్థనలో అందరూ కలిసి ఆ కీర్తన చదవండి. యాకోబు 5:16 కూడా చూడండి.

పెద్దలకు ఒక మాట. పిల్లలు చెప్పలేదని కోప్పడేముందు, చెప్పడానికి మన ఇంట్లో చోటు ఉందా అని చూసుకుందాం. ఇల్లంతా బిగువుగా ఉన్నప్పుడు ఎవరూ మూత తీయరు, తీసినా ఏదో ఒకటి విరుగుతుంది. ముందు మనమే మెల్లగా బిగువు దించుకుందాం. అన్నతో తమ్ముణ్ణి, పక్కింటి పిల్లతో మన పిల్లను పోల్చడం ఈ రోజే మానేద్దాం.

పిన్నలకు ఒక మాట. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పాడు (మత్తయి 5:23, 24). బల్లకు దూరంగా వెనుక వరసలో కూర్చోవడం దానికి జవాబు కాదు. అయిదు నెలలు చెప్పలేకపోయిన మాట చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టలేదని ఆ చిన్నవాడు నాతో అన్నాడు.

మచ్చలన్నీ పోతాయని నేను చెప్పను. ఆ డయలు మీద ఇంకా ఉన్నాయి. కానీ వాచీ నడుస్తోంది. తండ్రీ కొడుకులు ఒకే కంచం పక్కన కూర్చుంటున్నారు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము దాచిపెట్టుకున్నవాటిని తెరవడానికి మాకు ధైర్యమివ్వు. తెరిచినవారిని గద్దించక చేరదీసే మనసు మాకివ్వు. మా ఇళ్ళలోని ప్రతి గడియ నీ చేతిలో ఉండనివ్వు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.